అంచు నున్నగా చేయని బిళ్ళ

జూన్ నెల, రెండో గురువారం. కడప.
ఉన్నవాళ్ళు: నేను. మా ఇంటామె. మనవరాలు, ఏడేళ్ళది. ఒక కంసాలి. మధ్యాహ్నం మీద అల్లుడు, అల్లుడి తల్లి, అల్లుడి రెండో భార్య.

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే. బేతంచెర్ల రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరిన ఏడు మొదలుపెట్టిన అలవాటు, రిటైరైనా పోలేదు. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారు, ఆ తర్వాత ఏం జరిగింది. ఆ గురువారం మొదటి రెండూ రాసి, మూడోది రాయలేక పుస్తకం మూశాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా కూతురు కాన్పులో పోయింది. బిడ్డ బతికింది. అల్లుడిది కడపలో బండల వ్యాపారం. పెళ్ళికి ముందు మా ఊరి నాపరాళ్ళ కోసం లారీ వెంట వచ్చేవాడు, అట్లా తెలిసిన సంబంధమే. మంచివాడు. పసిగుడ్డును ఎలా సాకాలో తెలియక మా చేతుల్లో పెట్టి, వీలైనప్పుడల్లా వచ్చి చూసిపోయేవాడు. మూడేళ్ళ కిందట, వాళ్ళమ్మ పోరు పడలేక, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఈ వేసవిలో వచ్చి నేల చూస్తూ అడిగాడు.

"పాపను నా దగ్గరే చదివిస్తా మామా. మా ఇంట్లో ఆమే అడుగుతాండాది, పిల్లను ఎన్నాళ్ళు అట్ల వదిలేస్తావని."

అడుగుతున్నది కన్నతండ్రి. మాకా, ఇద్దరికీ మోకాళ్ళు మాట వినడం మానేశాయి. సరేనన్నాను. మా ఇంటామె అటు సరే అనలేదు, ఇటు వద్దనీ అనలేదు. ఆ రోజు నుంచి పాప బట్టలు ఒక్కొక్కటీ ఉతికి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచేది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. భార్య పోయిన మనిషి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, వచ్చిన ఆమె మెడలో పోయిన ఆమె పేరుతో చిన్న బంగారు బిళ్ళ ఒకటి కట్టుకుంటుంది. తాళితో పాటే అదీ ఉంటుంది. పండగ పూట తనకు కొత్తచీర పెట్టుకునే ముందు ఆ బిళ్ళకు పసుపు కుంకుమ పెడుతుంది. ఇల్లు మొదట ఎవరిదో మరవలేదని దాని అర్థం. అల్లుడి పెళ్ళి గుడిలో తొందరగా జరిగిపోయింది. బిళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంటామె ఆ మాట మనసులో పెట్టుకున్నట్టు నాకు అప్పుడు తెలియదు.

శుక్రవారం ఆడపిల్లను ఇంటి నుంచి పంపరు కాబట్టి గురువారం అనుకున్నాం. గురువారం రాహుకాలం మూడింటిదాకా ఉంటుంది, అది దాటాకే పాపను గడప తొక్కించమని వియ్యపురాలు ఫోన్ చేసి చెప్పింది. నేను మాత్రం మొదటి బస్సుకే బయలుదేరదీశాను. దారిలో బస్సు చెడిపోతుందేమో, నంద్యాలలో మారేటప్పుడు సీటు దొరకదేమో అని నా లెక్కలు నావి. ఏదీ చెడిపోలేదు, ఎక్కడా ఆగలేదు. ఎండ ఇంకా ముదరకముందే కడప బస్టాండులో దిగాం. అల్లుడి పెళ్ళికి మేం రాలేదు. అంతకుముందు వచ్చిన ఒకటి రెండు సార్లు కూడా బస్సు దిగి ఇంటికి, ఇంటి నుంచి బస్సుకు. ఊరు మాకు కొత్త. చేతిలో పూటంతా ఉంది.

బస్టాండు అరుగు మీద కూర్చుని మా ఇంటామె కొంగుముడి విప్పింది. లోపల దూదిలో చుట్టిన రెండు సన్నని పోగులు. కూతురి చెవులవి. ఆసుపత్రిలో తీసి మా చేతికిచ్చినవి.

"వీటితో బిళ్ళ చేయించల్ల. ఈ ఊర్లో కంసాలోళ్ళు యాడుంటారో కనుక్కో" అంది.

"బిళ్ళ చేయించాల్సింది మొగుని తరపోళ్ళు కదే."

"వాళ్ళు చేయించలేదు కదా. మూడేండ్లు చూసినా. నిన్ననే చెప్తే నువ్వు వద్దంటావని చెప్పలే." పోగులు మళ్ళీ దూదిలో చుట్టింది. "ఇంకోటి చెప్తాండా, విను. ఆయమ్మ దీన్ని కట్టుకుంటే పాపను ఆడ వదుల్తా. కట్టుకోకుంటే నా వెంటే తెచ్చుకుంటా. నా కూతురికి చోటు లేని ఇంట్లో దాని కూతురికి మాత్రం యాడుంటాది చోటు?"

పాప మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఎవురు కట్టుకోవల్ల అవ్వా?"

"మీ చిన్నమ్మ."

"కట్టుకోకుంటే మనం ఇంటికి పోతామా?"

అవ్వ దూదిని మళ్ళీ కొంగున ముడి వేసుకుంది. పాప మళ్ళీ అడగలేదు.

బంగారు అంగళ్ళ వీధి కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్ద అంగళ్ళ మధ్య సందులో, మెట్ల కింద చిన్న కొట్టు. కంసాలి అద్దాల మీదుగా చూసి పోగులు అరచేతిలో తూచినట్టు ఆడించాడు.

"సవతి బిళ్ళా! శానా దినాలైంది పెద్దమ్మా, ఈ మాట విని. ఇప్పుడు ఎవురడుగుతాండారు? బొమ్మ చెక్కమంటావా, పాదాలు చెక్కమంటావా?"

"ఏమీ వద్దప్పా. వట్టిదే చెయ్యి. ఎవరిదో తెలిసినోళ్ళకు తెలుస్తాది."

"మూడు లోపల కావాలంటాండారు. ముందు ఒప్పుకున్న పని ఉండాది నాకు."

"పాపను అప్పజెప్పేకి వచ్చినామప్పా" అంది ఆమె. అంతకుమించి చెప్పలేదు. కంసాలి పాప వైపు చూశాడు. ముందరి పని తీసి పక్కన పెట్టాడు.

"సరే. మీరు పోయి ఊరు చూసుకోని రాండి. ఈడ కూర్చోని ఏం చేస్తారు? ఉక్క."

"నేను ఈడ్నే ఉంటా."

కంసాలి నవ్వాడు. "ఏం పెద్దమ్మా, ఇంత బంగారం మింగి నేను మేడలు కడతాననుకుంటివా? పో, మనవరాలితో తిరుగు పో. మళ్ళీ దొరుకుతాదా?"

నేనూ అదే అన్నాను. ఇంకొన్ని గంటలే ఉన్నాయి, పాపతో ఉండు, బంగారం దగ్గర నేను కూర్చుంటానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ పొద్దు కాటికి ఆడోళ్ళు రాకూడదని నన్ను ఇంట్లోనే ఉంచితిరి. బిడ్డను ఎట్ల సాగనంపినారో నేను చూడలే. ఇది కరిగేటప్పుడన్నా నన్ను ఈడ ఉండనీ."

కంసాలి తల దించుకుని మూస సర్దుకున్నాడు. ఆమె మెట్టు మీద కొంగు పరుచుకుని కుంపటికి ఎదురుగా కూర్చుంది. నేను పాప చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చాను.

ఆటో ఆయన మా ఈడువాడే. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న సాయిబు. "ఏం బేటీ, కడపకు చుట్టంగా వచ్చినావా?" అన్నాడు.

"లే. ఉండేకి వచ్చినా" అంది పాప.

"అట్లనా! అయితే ఇది నీ ఊరే. నీ ఊరు నీకు చూపిచ్చేకి నీ దగ్గర దుడ్లు తీసుకోను. మీ తాత దగ్గర తీసుకుంటా."

పాప పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. ఆయన ముందుగా దర్గాకు తీసుకుపోయాడు. లోపల చల్లగా ఉంది. పూల వాసన, ఊదు వాసన. ముజావరు నెమలీకల కట్టతో పాప తల నిమిరితే గిలిగింత పుట్టి మెడ ముడుచుకుంది. "నువ్వేం కోరుకున్నావు తాతా?" అని చెవిలో అడిగింది. నేనేమీ కోరుకోలేకపోయాను. ఆ బిళ్ళ పాప చిన్నమ్మ కట్టుకోవాలని కోరుకుంటే ఒకరికి అన్యాయం, కట్టుకోకూడదని కోరుకుంటే ఇంకొకరికి. చేతులు కట్టుకుని నిలబడి వచ్చేశాను. "చెప్తే జరగదంట" అన్నాను పాపతో. ఆ పిల్ల కూడా తనదేమిటో చెప్పలేదు.

తర్వాత కారం దోసె. ఆటో ఆయన చూపించిన చిన్న హోటల్లో పెనం ముందే నిలబడి తిన్నాం. ఎర్రకారం కింద వెన్న కరుగుతోంది. మా ఇంట్లో కారమంటే ఆమడ దూరం పరుగెత్తే పిల్ల, కళ్ళలో నీళ్ళు కారుతున్నా సగం తినేసింది.

"చక్కెర వేయించుదునా?"

"వద్దు. ఈ ఊర్లో ఇట్లే తింటారు కదా" అని ముక్కు తుడుచుకుంది. అక్కడ ఒకసారి నేను పక్కకు తిరిగి నిలబడవలసి వచ్చింది.

అవ్వకు ఒక దోసె పొట్లం కట్టించాను. ఆటో ఎక్కాక ఆయన కొత్త అంగళ్ళ వీధి చూపించాడు. ఊరు ఆనుకుని నిలబడ్డ కొండలు చూపించాడు. ఏదో పెద్ద బడి ముందు ఆపి "ఇట్లాంటి బడికే పోతావు నువ్వు" అన్నాడు. పాప అన్నిటికీ తల ఊపింది. దేనినీ దిగి చూస్తాననలేదు.

"ఇంకేం చూస్తావమ్మా? ఇంకా పొద్దుంది" అన్నాను.

"మన ఊరి బస్సు నిలిచే చోటు."

"పొద్దున అక్కడే కదా దిగింది మనం."

"దిగింది వేరే తాతా. ఎక్కేది యాడ?"

ఆటో ఆయన అద్దంలో నన్ను చూశాడు. బండి తిప్పాడు.

బస్టాండులో నంద్యాల బస్సులు నిలిచేది ఒక చివర. పాప బోర్డు కింద నిలబడి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మా ఊరికి నేరుగా బస్సు ఉండదనీ, నంద్యాలలో మారాలనీ చెప్పాను. మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల, ఆ తర్వాత మనం. నా వెంట చెప్పించాను, ఆమె చెప్పింది. స్టేషన్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు దారులు చెప్పినట్టే చెప్పాను. ఏడేళ్ళ పిల్లకు ఆ దారి చెప్పవచ్చునా, కూడదా అని నాకు తోచలేదు. అడిగింది, చెప్పాను. తోచిన తర్వాత భయం వేసి, "ఒక్కదానివే ఎప్పుడూ రాకూడదు. మీ నాయనకు చెప్తే ఆయనే పిల్చుకొస్తాడు" అన్నాను.

"నాకు తెలుసులే తాతా. ఊరికే చూసిపెట్టుకుంటాండా" అంది.

కంసాలి కొట్టుకు తిరిగి వచ్చేసరికి మా ఇంటామె కూర్చున్నచోటే ఉంది. కుంపటి సెగకు మొహం ఎర్రబడి ఉంది. పోగులు అప్పటికే లేవు. రేకుగా సాగిన బంగారాన్ని కంసాలి గుండ్రంగా కత్తిరించి కొంకి అతుకుతున్నాడు. దోసె పొట్లం ఇస్తే పక్కన పెట్టుకుంది. పాపను దగ్గరకు లాక్కుని తల చూసింది.

"ఏంది ఇది, గాలికి గూడు మాదిరి? ఇట్ల పోతే వాళ్ళు ఏమనుకుంటారు, సాకినోళ్ళకు దువ్వెన లేదనుకోరా?"

సంచిలోంచి దువ్వెన తీసింది. ఆ మెట్టు మీదే, జనం పోతున్న సందులోనే, పాపను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలు విప్పి మళ్ళీ అల్లింది. పాపిట పక్కకు తీసింది. మా పాపకు నడినెత్తిన చిన్న సుడి ఉంది, నేరుగా తీస్తే పాపిట నిలవదు. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టింది. ఎప్పుడూ ఇంతసేపు పట్టదు. ఒక జడ అల్లి, వదులైందని విప్పి, మళ్ళీ అల్లింది. కడపలో దిగాక పాపతో ఆమె గడిపింది ఆ కాసేపే.

కంసాలి బిళ్ళను గుడ్డతో తుడిచి వేలి కొసన పెట్టి చూపించాడు. చింతగింజ కంటే కొంచెం పెద్దది.

"అంచు ఇంకా రాయల్లప్పా. గరుగ్గా ఉండాది. ఇంకొంచేపు కూర్చుంటే నున్నగా చేసిస్తా. ఇట్లే కట్టుకుంటే గీరుకుంటాది."

మూడు దాటుతోంది. ఆలస్యం చేస్తే వియ్యపురాలు ఏమంటుందో అని నేను లేచి నిలబడ్డాను.

"ఇట్లే ఇయ్యప్పా" అంది మా ఇంటామె. "కట్టుకుంటే కదా గీరుకునేది."

అల్లుడి ఇల్లు కొత్త కాలనీలో. ముందు గదిలో అద్దంలా మెరిసే టైల్సు. పాప చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టగానే కాలు జారి నా చెయ్యి పట్టుకుంది. "మన ఊరి బండలు కావు తాతా ఇవి" అంది. ఊరంతటికీ మా బండలు అమ్మే అల్లుడు సిగ్గుపడి నవ్వాడు.

అల్లుడి రెండో భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మేం ఆమెను చూడడం అదే మొదలు. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముట్టుకోలేదు. "నీళ్ళు తాగుతావా?" అని మాత్రం అడిగింది. పాప తల ఊపింది. ఆమె తెచ్చిన గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆగకుండా తాగింది.

మా ఇంటామె కొంగుముడి విప్పి బిళ్ళ తీసింది. "ఇది మా బిడ్డదమ్మా. నువ్వు కట్టుకోవల్ల."

వియ్యపురాలు కుర్చీలోంచే అంది: "ఇప్పుడు ఇవన్నీ ఎవురు కట్టుకుంటాండారు వదినా? పాతకాలం సుద్దులు. చనిపోయినామెను రోజూ మెడలో ఏసుకోని తిరగల్లంటే, చిన్న వయసుది, దానికి మాత్రం ఎట్లుంటాది?"

అల్లుడు "అమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి చేతులు రెండూ చాచి బిళ్ళ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "రేపు శుక్రవారం పెద్దమ్మా. తలకు పోసుకోని కట్టుకుంటా" అని, దేవుని పటం ముందు పళ్ళెంలో పెట్టి, కాఫీ పెట్టేకి లోపలికి పోయింది.

మా ఇంటామె నా వైపు చూసింది. పాప సంచి ఇంకా ఆమె భుజానే ఉంది. ఆ సంచి దించుతుందా, దించదా అన్నది ఆ క్షణాన నాకు నిజంగా తెలియదు. కాఫీలు వచ్చాయి, తాగాం. పాపకు ఏమేం పడవో, రాత్రి దుప్పటి ఎలా తన్నేస్తుందో, ఉరుమంటే భయమనీ ఆమె చెప్పింది, ఆ అమ్మాయి నిలబడి విన్నది. చివరికి సంచి దించింది. గోడకు ఆనించి, పడకుండా సర్ది, చెయ్యి తీసేసింది.

మేం లేచినప్పుడు పాప ఏడవలేదు. గేటు దాకా వచ్చి నా చొక్కా పట్టుకుని గట్టిగా చెప్పింది.

"నంద్యాల బస్సు ఆ చివర నిలుస్తాది తాతా. పొద్దున మనం దిగినచోట కాదు. మరిసిపోయి అవ్వను ఎండలో తిప్పొద్దు."

ఆ చివరకే పోయి నిలబడ్డాం. బస్సు కదిలి మైదుకూరు దాటాక మా ఇంటామె నా వైపు తిరిగింది. అప్పుడంది: "రేపు అనింది చూడు, అది మాట దాటేసేదే. కట్టుకోదు. రేపు సాయంత్రందాకా చూస్తా. ఎల్లుండి మొదటి బస్సుకు వచ్చి తెచ్చుకుంటా." గొంతులో కోపం ఉంది. కోపం కింద ఇంకేదో కూడా ఉంది. అప్పటిదాకా ముట్టని దోసె పొట్లం విప్పి, చల్లారిన ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె దేనికోసం ఎదురు చూస్తోందో.

ఇల్లు చేరాక పాప బొంత మూలన పరిచే ఉంది, బయలుదేరేటప్పుడు తొందరలో మడవలేదు. నేను మడవబోతే, "ఉండనీ. ఎల్లుండి మళ్ళీ ఎవురు పరుస్తారు?" అంది.

తెల్లవారింది. శుక్రవారం. రోడ్డవతల బండల పాలిష్ మిషన్లు మొదలయ్యాయి. ఆమె పనులన్నీ ముగించి, ఎప్పుడూ ఆ వేళకు చేసినట్టే, నూనెగిన్నె, దువ్వెన తెచ్చుకుని గడప మీద కూర్చుంది. కూర్చున్నాక గుర్తొచ్చినట్టుంది. లేవలేదు.

ఫోన్ మోగింది. అల్లుడి నంబరు. మాట్లాడింది ఆ అమ్మాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి మా ఇంటామె చేతికిచ్చాను.

"పెద్దమ్మా, పాపకు తలకు పోసినా. చిక్కు తీసినా. పాపిట ఎట్ల తీసినా నిలుస్తాలేదు. జడ అవ్వ మాదిరి లేదని విప్పేస్తాంది. ఎట్ల తీయల్ల?"

మా ఇంటామె చేతిలో దువ్వెన పక్కన పెట్టింది. తర్వాత, "పక్కకు తియ్యమ్మా. నడినెత్తిన సుడి ఉండాది. ఎడంపక్క, చెవికి నేరుగా. తడిమీద గట్టిగా లాగొద్దు, అరుస్తాది" అంది. చెప్తూ ఉంటే ఆమె వేళ్ళు గాలిలో పాయలు విడదీసి ఒకదాని మీద ఒకటి వేస్తున్నాయి. "మూడు పాయలూ సమంగా ఉండల్ల. ఆ, ఇప్పుడు వంగి చూడు, వెనకపక్క జారకుండా."

అవతల దువ్వెన చప్పుడు వినబడింది. ఉన్నట్టుండి పాప గొంతు.

"అబ్బా! చిన్నమ్మా, నువ్వు వంగితే నీ మెడలోది గీరుకుంటాంది నాకు."

"ఉండు తల్లీ, వెనక్కి వేసుకుంటా" అంది ఆ అమ్మాయి.

మా ఇంటామె వేళ్ళు ఆగిపోయాయి. నేను ఆమె మొహం చూడలేదు, గడప చూశాను. ఫోన్లోకి ఆమె మాట మామూలుగానే వచ్చింది.

"అంచు రాయలేదమ్మా దానికి. ఈ పొద్దో రేపో కంసాలికిచ్చి నున్నగా చేయించుకో. పాప తల నీ రొమ్ముకే కదా తగిలేది, గీరుకుంటాది."

"సరే పెద్దమ్మా."

ఫోన్ నాకు ఇచ్చేసింది. దువ్వెనలో చిక్కుకున్న రెండు పొడుగు వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. లోపలికి పోయి, మూలన పరిచి ఉన్న పాప బొంత మడిచింది.